మన ఎండల్లో చిన్న పీసీ: ఐటీఎక్స్ బోర్డుతో, పొట్టి కూలర్లతో కొన్నేళ్ళ అనుభవం

ఏసీ లేని గదిలో చిన్న పీసీ నడపాలనుకునేవాళ్ళు ముందుగా ప్రాసెసర్ ఎన్ని వాట్లు తాగాలో తేల్చుకోవాలి. క్యాబినెట్, మదర్‌బోర్డు, కూలర్ ఆ లెక్క తేలాకే. కొన్ని వేసవులుగా రెండు చిన్న మెషీన్లను దగ్గరుండి చూస్తున్నాను. ఒకటి విజయవాడలో మా ఇంట్లో, నా వీడియో ఎడిటింగ్ పనికి. రెండోది తెనాలిలో మా బావగారి డీటీపీ సెంటర్లో. రెండూ నేనే అసెంబుల్ చేశాను, రెండూ ఇప్పటికీ రోజూ పనిచేస్తున్నాయి.

మా ఇంట్లోది కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200పి క్యాబినెట్. అందులో ఐటీఎక్స్ అనే చిన్న చదరపు సైజు మదర్‌బోర్డు గిగాబైట్ బీ550ఐ ఆరస్ ప్రో ఏఎక్స్, రైజెన్ 7 5700ఎక్స్ ప్రాసెసర్, నాక్టువా ఎన్‌హెచ్-యూ9ఎస్ కూలర్, 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్ కార్డు, ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే చిన్న సైజు ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె) ఉన్నాయి. బావగారిది బోర్డుతో సహా వచ్చే బుల్లి క్యాబినెట్ ఏఎస్‌రాక్ డెస్క్‌మినీ ఎక్స్300, అందులో రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఏ అనే పొట్టి కూలర్. పెట్టె పరిమాణంలో మొదటిది 18 లీటర్ల పైచిలుకు, రెండోది రెండు లీటర్లు కూడా నిండదు.

కూలర్ల మీద వచ్చే సమీక్షల్లో చాలావరకు గది 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండగా కొలిచిన అంకెలే కనిపిస్తాయి. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అప్పుడు పైఅంతస్తు గదిలో మధ్యాహ్నం ఫ్యాన్ కింద కూడా థర్మామీటరు 38 చూపిస్తుంది. గాలితో నడిచే ఏ కూలరైనా చేయగలిగింది ఒక్కటే, ప్రాసెసర్‌ను గది గాలికంటే ఇన్ని డిగ్రీలు ఎక్కువ దగ్గర ఆపడం. గది పదహారు డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. 22 డిగ్రీల గదిలో 70 చూపించిన మెషీన్ 38 డిగ్రీల గదిలో 86 చూపిస్తుంది. 5700ఎక్స్‌కు ఏఎమ్‌డీ పెట్టిన గరిష్ఠ హద్దు 90. అంటే మిగిలే జాగా నాలుగు డిగ్రీలు. సమీక్షల్లో ఏ అంకె చూసినా దానికి పదిహేను కలిపి చదవడం అలవాటు చేసుకున్నాను. వేసవి లెక్క అలాగే కుదురుతుంది.

మా మెషీన్‌లో అచ్చంగా ఇదే జరిగింది. 5700ఎక్స్ పెట్టె మీద 65 వాట్లని ఉంటుంది గానీ, పూర్తి బరువు పడినప్పుడు సాకెట్‌కు (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటుకు) వెళ్ళే గరిష్ఠం 76 వాట్లు. సంక్రాంతి రోజుల్లో పెద్ద వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే 70 దాటి కాస్త పైన ఆగేది. మే నెలలో అదే పని 85 దరిదాపులకు వెళ్ళేది. చెడిపోయే వేడి కాదది. కానీ ఫ్యాన్ చేసే శబ్దం పక్కగదిలోకి వినిపించేది. అందుకని వేసవి మొదలవగానే బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెరలో) తక్కువ వాట్లతో నడిపే ఎకో మోడ్ ఆన్ చేసి 45 వాట్ల తరగతికి దించుతున్నాను. అప్పుడు సాకెట్ గరిష్ఠం 60 వాట్ల దగ్గర ఆగుతుంది. నడివేసవి మధ్యాహ్నం కూడా ప్రాసెసర్ డెబ్బైల మధ్యలో ఉంటోంది. ఎక్స్‌పోర్ట్‌కు పట్టే సమయం కొద్దిగానే పెరిగింది, పని చేసుకుంటూ ఉంటే ఆ తేడా తెలియదు. చివరి కొద్దిపాటి వేగం కోసం ఈ చిప్పులు చాలా కరెంటు ఖర్చు పెడతాయి. ఆ కొద్దిపాటిని వదులుకుంటే వేడి బాగా తగ్గుతుంది. చిన్న పీసీ కట్టేవాళ్ళకు ఇంతకంటే పనికొచ్చే సెట్టింగ్ ఇంకోటి లేదు, పైగా ఇది పైసా ఖర్చు లేనిది.

అదే క్యాబినెట్‌లో 5800ఎక్స్ వేద్దామనుకునేవాళ్ళు ఒక సంగతి గమనించాలి. దాని సాకెట్ గరిష్ఠం 142 వాట్లు. జెన్ 3 అనే ఈ తరం ప్రాసెసర్లలో కోర్లన్నీ ఉండే ముక్క (చిప్లెట్) వైశాల్యం 80 చదరపు మిల్లీమీటర్లే. అంత చిన్న చోట నుంచి అంత వేడి బయటికి లాగాలంటే కూలర్ ఎంత పెద్దదైనా చిప్పుకూ కూలర్‌కూ మధ్య దారి ఇరుకే. 5600జీ తీరు వేరు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ అన్నీ కలిసి 180 చదరపు మిల్లీమీటర్ల ఒకే ముక్క కాబట్టి వేడి పరుచుకుని వస్తుంది. పొట్టి కూలర్ కింద పెట్టడానికి ఈ జీ రకం చిప్పులు బాగా నప్పుతాయి.

కూలర్ ఎంపికలో మొదట చూసే అంకె ఎత్తు. ఎన్‌ఆర్200పి పక్క ప్యానెల్ 155 మి.మీ. వరకు ఒప్పుకుంటుంది. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ సరిగ్గా 155, నాక్టువా యూ12ఎస్ 158. మొదటిది గీత మీద పడుతుంది, రెండోది పట్టదు. నేను 125 మి.మీ. ఉన్న యూ9ఎస్ తీసుకున్నాను. చల్లబరచడంలో రెండు టవర్ల (నిలువుగా లేచిన రెండు రేకుల దొంతరల) కూలర్‌కు సాటి రాదు, నిజమే. కానీ 60, 70 వాట్లకు అది చాలు. ర్యామ్ మీదికి రాదు. మూత తీసి వేళ్ళు పెట్టి కేబుల్ ఊడదీయడానికి చోటు మిగులుతుంది. ఏళ్ళ తరబడి దుమ్ము దులుపుకుంటూ వాడే మెషీన్‌కు ఆ చోటు విలువ చాలా ఎక్కువ.

ఇంకా చిన్న క్యాబినెట్లలో ఈ లెక్క బిగుసుకుంటుంది. డాన్ ఏ4-ఎస్‌ఎఫ్‌ఎక్స్ 7.2 లీటర్లు, అందులో కూలర్‌కు 48 మి.మీ. మాత్రమే. ఫ్రాక్టల్ టెర్రా 10.4 లీటర్లు, మధ్య గోడ జరిపే తీరును బట్టి 48 నుంచి 77 దాకా వస్తుంది. అక్కడ ఎల్9ఏ, థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90-ఎక్స్47 లాంటివి వేసుకోవాలి. టెర్రాలో గోడ కార్డు వైపు జరిపితే 70 మి.మీ. ఎత్తున్న ఎల్12ఎస్ కూడా పడుతుంది. మన వేసవిలో 50 మి.మీ. లోపు కూలర్ కింద 65 వాట్ల కంటే ఎక్కువ పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం.

ఇలా పైనుంచి కిందికి ఊదే కూలర్లకు ఒక మంచి గుణం ఉంది. ఆ గాలి బోర్డు మీద కూడా పడుతుంది కాబట్టి వీఆర్‌ఎమ్ (ప్రాసెసర్‌కు వోల్టేజీ సర్ది ఇచ్చే భాగం), ర్యామ్, పక్కనున్న ఎస్‌ఎస్‌డీ అన్నీ కాస్త చల్లబడతాయి. టవర్ కూలర్ గాలి అడ్డంగా వెళ్ళిపోతుంది, ఆ భాగాలకు క్యాబినెట్ గాలే దిక్కు.

ఇక బోర్డు. మినీ-ఐటీఎక్స్ కొలత 170 × 170 మి.మీ., 2001లో వీఐఏ అనే కంపెనీ తెచ్చింది. ఇప్పుడు అదే చదరంలో ఎనిమిది కోర్ల ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డుకు ఒక పదహారు లేన్ల స్లాటు, రెండు ర్యామ్ స్లాట్లు, ఎస్‌ఎస్‌డీలు పెట్టే రెండు ఎమ్.2 స్లాట్లు ఇరికిస్తున్నారు. బీ550ఐ ఆరస్ ప్రో ఏఎక్స్‌ను నేను ఎంచుకున్న కారణం, దాని మీద ఒక్క ఫ్యాన్ కూడా లేకపోవడం. 2019లో వచ్చిన ఎక్స్570 బోర్డులు దాదాపు అన్నిటికీ చిప్‌సెట్ (బోర్డు మీది భాగాలను ప్రాసెసర్‌తో కలిపే చిప్పు) మీద బుల్లి ఫ్యాన్ ఉండేది. 2020లో వచ్చిన బీ550 చిప్‌సెట్‌కు ఆ అవసరం లేదు. అయినా కొన్ని కంపెనీలు ఐటీఎక్స్ బోర్డుల్లో వీఆర్‌ఎమ్ కోసం ఒక చిన్న ఫ్యాన్ దాచిపెడతాయి. ఆ సైజు ఫ్యాన్లు మన దుమ్ముకు ముందు అరుస్తాయి, తర్వాత ఆగిపోతాయి. దానికి సరిపోయే విడి ఫ్యాన్ మన బజార్లో దొరకడం కష్టం. ఈ బోర్డు వీఆర్‌ఎమ్‌లో ప్రాసెసర్‌కు కరెంటు పంచుకుని ఇచ్చే ఆరు ఫేజులున్నాయి, ఒక్కొక్కటి 90 ఆంపియర్లు. 76 వాట్ల చిప్పుకు అది చాలా ఎక్కువ. ఎక్కువ కాబట్టే ఫ్యాన్ లేకుండా చల్లగా ఉంటోంది. వైఫై, 2.5 గిగాబిట్ లాన్ ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు.

బోర్డు కొనేముందు ఎమ్.2 స్లాట్లు ఎక్కడున్నాయో ఫొటోలో తప్పకుండా చూడండి. ఐటీఎక్స్‌లో మొదటిది సాధారణంగా ప్రాసెసర్‌కూ గ్రాఫిక్ కార్డుకూ మధ్యలో, రెండోది బోర్డు వెనక ఉంటుంది. నా బోర్డు కూడా అంతే. వెనకది చాలా క్యాబినెట్లలో బోర్డు విప్పితే గాని అందదు, దానికి గాలి తగలదు. అందుకని వేడెక్కే వేగమైన ఎస్‌ఎస్‌డీని ముందున్న స్లాట్‌లో హీట్‌సింక్ కింద పెట్టాను. వెనక మాత్రం నింపాదిగా నడిచే మూడో తరం పీసీఐఈ (కార్డులు, ఎస్‌ఎస్‌డీలు బోర్డుకు తగిలే కనెక్షన్) డ్రైవ్ పెట్టి, పాత ఫుటేజీ దాస్తున్నాను. ర్యామ్ కూడా ఎత్తైన రెక్కలున్నవి వద్దు. 34 మి.మీ. ఎత్తున్న వెంజెన్స్ ఎల్‌పీఎక్స్ లాంటివి చాలా కూలర్లతో సర్దుకుంటాయి. రెండే స్లాట్లు కాబట్టి మొదటిసారే 16 జీబీవి రెండు కొనేయడం నయం. తర్వాత పెంచాలంటే పాతవి అమ్ముకోవాల్సిందే.

గ్రాఫిక్ కార్డును నిలువుగా బోర్డు వెనక పెట్టే శాండ్‌విచ్ రకం క్యాబినెట్లకు రైజర్ కేబుల్ (స్లాటును కార్డు దాకా పొడిగించే కేబుల్) కావాలి. ఒక స్నేహితుడికి అలాంటిది కట్టినప్పుడు తెర పదే పదే నల్లబడింది. రైజర్ పీసీఐఈ మూడో తరానిది, కార్డు నాలుగో తరానిది. బయోస్‌లో స్లాటును కూడా మూడో తరానికి మార్చగానే కుదుటపడింది. ఎన్‌ఆర్200పిలో కార్డు నేరుగా స్లాట్‌లో కూర్చుంటుంది, ఈ బెడద లేదు.

170 వాట్ల 3060 మొత్తం మెషీన్‌లో అన్నిటికంటే పెద్ద కుంపటి. క్యాబినెట్ అడుగున కార్డు కింద రెండు 120 మి.మీ. ఫ్యాన్లు పైకి ఊదేలా పెట్టాను. వేడి పైన జాలీ లోంచి వెళ్ళిపోతుంది. గాజు ప్యానెల్ కూడా క్యాబినెట్‌తో పాటే వస్తుంది, చూడ్డానికి అందంగా ఉంటుంది. వేసవిలో మాత్రం చిల్లుల స్టీలు ప్యానెలే. అడుగునుంచి గాలి పీల్చే క్యాబినెట్‌ను నేల మీద పెడితే గది ఊడ్చిన దుమ్మంతా లోపలికే వెళ్తుంది. బల్ల మీద పెట్టుకోండి.

రైజెన్ చిప్పుల వేడి క్షణాల్లో పది డిగ్రీలు ఎగిరి మళ్ళీ దిగుతుంది. బోర్డు మామూలు సెట్టింగులతో వదిలేస్తే బ్రౌజర్ తెరిచినప్పుడల్లా ఫ్యాన్ ఒకసారి గుర్రుమంటుంది. 65 డిగ్రీల దాకా ఒకే నెమ్మది వేగం, ఆ పైన మెల్లగా పెరిగేలా గీత పెట్టి, వేడి నాలుగైదు డిగ్రీలు మారితే గాని వేగం మారకుండా అంతరం ఇచ్చాను. అప్పటినుంచి మెషీన్ ఆన్‌లో ఉందో లేదో లైటు చూస్తే గాని తెలియదు.

తెనాలి మెషీన్ కథ వేరు. షాపులో ఏసీ లేదు, తలుపు రోజంతా తెరిచే ఉంటుంది, పక్కనే జిరాక్స్ మెషీన్ వేడి. ఎక్స్300 కొలత 155 × 155 × 80 మి.మీ., కూలర్‌కు 46 మి.మీ. హద్దు. 37 మి.మీ. ఎత్తున్న ఎల్9ఏ సుఖంగా పడుతుంది. బయట 120 వాట్ల అడాప్టర్, లోపల ఎస్‌ఎంపీఎస్ ఉండదు కాబట్టి ఆ వేడి పెట్టెలోకి రాదు. 5600జీని మొదటిరోజే 45 వాట్లకు కట్టేశాను. పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు, ఫొటోషాప్‌లో పెద్ద ఫైళ్ళు, అన్నీ నడుస్తున్నాయి. ఎండాకాలం షాపు 39 డిగ్రీలున్నప్పుడు కూడా 80 దాటడం అరుదు. కరెంటు పోతే చిన్న యూపీఎస్ మీదే బావగారు నింపాదిగా ఫైలు సేవ్ చేసి, ప్రింటు కూడా పంపేంత సమయం దొరుకుతుంది. తక్కువ వాట్ల వల్ల వచ్చే ఈ లాభాన్ని సమీక్షల్లో ఎవరూ లెక్కవేయరు. మన ఊళ్ళలో అది చాలా పెద్దది. గ్రాఫిక్ కార్డు స్లాటు లేదు, ఎప్పటికీ పెట్టలేరు. అది ముందే ఒప్పుకుని కొనాలి.

వాటర్ కూలర్ గురించి చాలామంది అడుగుతారు. అది కూడా గది గాలితోనే చల్లబడుతుంది, గదికంటే చల్లగా చేయలేదు. పంపు ఆగితే మొత్తం మార్చాల్సిందే. 60 వాట్ల చిప్పుకు దాని అవసరం నాకు ఎప్పుడూ కనిపించలేదు.

మెయింటెనెన్స్ విషయానికొస్తే, వేసవి ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి బ్లోయర్‌తో దుమ్ము కొడతాను. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది. ఏఎమ్4 (ఈ రెండు మెషీన్లలోని సాకెట్ రకం) కూలర్ విప్పేటప్పుడు ముందు మెషీన్‌ను కాసేపు నడిపి, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసిన పేస్టు వేడెక్కనివ్వండి, తర్వాత కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి. చల్లగా ఉన్నప్పుడు నిటారుగా లాగితే ప్రాసెసర్ పిన్నులతో సహా సాకెట్ లోంచి ఊడి వస్తుంది. దాని తర్వాత వచ్చిన ఏఎమ్5లో పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి, పైన బిగింపు ఉంటుంది, ఈ భయం లేదు.

ధర దగ్గర మాత్రం ఐటీఎక్స్ మనకు అనుకూలం కాదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో అడిగితే చాలా షాపుల్లో ఐటీఎక్స్ కంటే పెద్దవైన మైక్రో ఏటీఎక్స్ బోర్డులే చూపిస్తారు. ఐటీఎక్స్ కావాలంటే ఆర్డర్ పెట్టి ఆగాలి, అదే చిప్‌సెట్‌కు ఎక్కువ ఇవ్వాలి. బల్ల మీద చోటుంటే 244 మి.మీ. మైక్రో ఏటీఎక్స్ బోర్డే కొనమని మా వాళ్ళందరికీ చెబుతాను. నాలుగు ర్యామ్ స్లాట్లున్నవి సులువుగా దొరుకుతాయి, పెద్ద టవర్ కూలర్ పట్టే క్యాబినెట్లూ దొరుకుతాయి. చోటు నిజంగా లేనివాళ్ళకూ, మెషీన్‌ను ఊళ్ళు తిప్పేవాళ్ళకూ ఐటీఎక్స్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. నేను షూటింగులకు ఎన్‌ఆర్200పిని కారు వెనక సీట్లో బెల్టు కట్టి తీసుకెళ్తాను.

ఇప్పుడు కొత్తగా కట్టాలంటే ఏఎమ్5లో ఎక్స్ లేని 7600 గానీ 7700 గానీ తీసుకుంటాను. రెండూ 65 వాట్ల తరగతి, సాకెట్ గరిష్ఠం 88. ఎక్స్ ఉన్న 7600కు అది 142. బావగారు షాపుకు రెండో మెషీన్ కావాలంటున్నారు. డెస్క్‌మినీ ఎక్స్600, రైజెన్ 5 8600జీ, ఏఎమ్5కు సరిపోయే ఎల్9ఏ రాసిచ్చాను. అదీ మొదటిరోజే 45 వాట్లకు కడతాను.