కిన్నికినిక్: ఎండ పడే గట్టుకు సరే, నీరు నిలిచే నేలకు కాదు

సియాటిల్‌కు ఉత్తరాన ఉన్న బాతెల్‌లో మా ఇంటి ముందు దక్షిణానికి వాలిన చిన్న గట్టు ఉంది. ఈ ప్రాంతంలో జులై, ఆగస్టు నెలల్లో వానలు దాదాపు ఉండవు కాబట్టి, దాని మీది పచ్చిక ఏటా వరిగడ్డి రంగుకు తిరిగేది. పైగా ఆ వాలులో గడ్డి కోసే యంత్రాన్ని నడపడం ప్రమాదంగా ఉండేది. మూడేళ్ల క్రితం అక్టోబరులో పచ్చికను తొలగించి, స్థానిక మొక్కలు అమ్మే ఒక నర్సరీలో కుండీ 12 డాలర్ల చొప్పున 20 కిన్నికినిక్ మొక్కలు కొన్నాము.

ఇది అడుగు ఎత్తు మించకుండా నేల మీద పాకుతూ, ఏడాది పొడవునా ఆకు నిలుపుకొనే పొద. ఆకులు చిన్నవి, దళసరివి. చలికాలంలో వాటికి రాగి ఛాయ వస్తుంది. వసంతంలో బోర్లించిన బుల్లి ముంతల వంటి లేత గులాబీ పూలు వేలాడతాయి, వాటి కోసం తేనెటీగలతో పాటు హమ్మింగ్‌బర్డ్‌లూ వస్తాయి. ఆ తరువాత గురివింద గింజ కన్నా కొంచెం పెద్దవైన ఎర్రని పండ్లు కాస్తాయి. తినవచ్చు గాని, పిండిలా చప్పగా ఉంటాయి. దీని శాస్త్రీయ నామం ఆర్క్టోస్టాఫిలాస్ ఉవా-ఉర్సి. మొదటి మాటకు గ్రీకులోనూ, రెండవదానికి లాటిన్‌లోనూ ‘ఎలుగుబంటి ద్రాక్ష’ అనే అర్థం. మన ‘గేటు తలుపు’ వంటిదే.

గట్టు మీద రెండున్నర అడుగుల ఎడంతో 14 మొక్కలు నాటి, మధ్యలో చెక్క పేళ్లు పరిచాము. మొదటి ఏడాది అవి జానెడు కూడా సాగకపోవడంతో డబ్బు వృథా అయిందనే అనుకున్నాను. రెండవ ఏడాది నుంచి కొమ్మలు నేలను తాకిన చోటల్లా వేళ్లు దిగాయి. ఇప్పుడు పేళ్లు అక్కడక్కడ తప్ప కనిపించవు, కలుపు కూడా బాగా తగ్గింది. మొదటి రెండు వేసవులూ వారానికొకసారి నీరు పెట్టాము. ఈ వేసవిలో మొత్తం మీద రెండుసార్లే పెట్టాము.

మిగిలిన ఆరు మొక్కల కథ వేరు. వాటిని ఇంటి కప్పు నీరు దిగే గొట్టం దగ్గర, నీడలో, బంకమట్టిలో నాటాను. మొక్క అనగానే ఎరువు, నీరు అనుకునే అలవాటు కొద్దీ కంపోస్టు వేసి, వేసవిలో రోజూ తడిపాను కూడా. ఆకులకు నల్లమచ్చలు వచ్చి, రెండవ వసంతానికి నాలుగు మొక్కలు చనిపోయాయి. దీని వేళ్లు మట్టిలోని శిలీంధ్రాలతో కలిసి పోషకాలను గ్రహిస్తాయి కనుక, ఆమ్ల గుణం గల నిస్సారమైన ఇసుక నేలలోనూ ఇది బతుకుతుంది. అది ఓర్వలేనిది నీటి నిల్వనే. ఎరువు వేయడం నా తప్పే, కాని కుండీకి కట్టిన చీటీలో ‘ఎండైనా నీడైనా సరే’ అని మాత్రమే రాసి, నీరు నిలవకూడదన్న ముఖ్యమైన మాటను వదిలివేయడం నర్సరీ వారి లోపం.

కొనదలచినవారు ‘వాంకూవర్ జేడ్’ అనే రకాన్ని అడగడం మంచిది; దానికి మచ్చ తెగులు తక్కువ. పిల్లలు ఆడుకునే చోట మాత్రం నాటవద్దు, అదే పనిగా తొక్కితే కొమ్మలు విరిగిపోతాయి. గట్టు మీది మొక్కలకు ఐదు మార్కులకు నాలుగున్నర, ఆ చీటీకి రెండు ఇస్తాను. గొట్టం దగ్గర ఇప్పుడు నీడలో పెరిగే స్వోర్డ్ ఫెర్న్ మొక్కలు పెట్టాము.