లీడ్స్, ఫిల్‌మోర్, జపాన్: మూడు లైవ్ రాక్ ఆల్బమ్‌లలో ఏది మేలు?

"లైవ్ రాక్ ఆల్బమ్ ఒక్కటి చెప్పు, దానితో మొదలుపెడతా" అని ఎవరైనా అడిగితే నాకు వెంటనే మూడు పేర్లు గుర్తొస్తాయి. ద హూ వాళ్ల 'లైవ్ ఎట్ లీడ్స్' (1970), ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ వాళ్ల 'ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్' (1971), డీప్ పర్పుల్ వాళ్ల 'మేడ్ ఇన్ జపాన్' (1972). యాభై ఏళ్లు దాటినా మూడింటికీ ఇంకా కొత్త శ్రోతలు పుడుతూనే ఉన్నారు. మూడూ వినండి అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ అడిగినవాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు, పైగా ఈ మూడూ మనిషిని మూడు రకాలుగా పట్టుకుంటాయి. అందుకని పక్కపక్కన పెట్టి తూచి చూద్దాం.

తూకానికి ముందు కొలబద్ద ఏమిటో చెప్పాలి. స్టూడియోలో ఎవరి భాగం వాళ్లు విడివిడిగా వాయించవచ్చు, తప్పు పోతే మళ్లీ వాయించి అతికించవచ్చు. స్టేజీ మీద ఆ వీలు లేదు. పక్కవాడు ఇప్పుడేం వాయిస్తున్నాడో వింటూ, మరుక్షణం తానేం చేయాలో అప్పటికప్పుడే తేల్చుకోవాలి. వాళ్లు ఒకరినొకరు అలా వినడం మన చెవికి కూడా తెలియాలి. పాత లైవ్ ఆల్బమ్‌లు ఇన్నేళ్లు నిలవడానికి అసలు కారణం అదేనని నా నమ్మకం. జనం కేకలు, ఈలలు, చప్పట్లు మొదటిసారి వింటే బాగుంటాయి. పదోసారికి వాటిని ఎవరూ పట్టించుకోరు.

ముందు లీడ్స్ సంగతి. అంతకు ముందటి ఏడాది అమెరికా టూర్‌లో ద హూ వాళ్లు చాలా షోలు టేప్ చేశారు. ఆ గుట్టంతా కూర్చుని వినే ఓపిక గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్‌కు లేకపోయింది. టేపులన్నీ తగలబెట్టేయమని తమ సౌండ్ మనిషికి చెప్పేశాడు. ఆ తర్వాత ప్రత్యేకంగా రికార్డింగ్ కోసమే ఇంగ్లండ్‌లో రెండు షోలు పెట్టుకున్నారు. 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ యూనివర్సిటీలో, మర్నాడు హల్ ఊళ్లో. హల్‌లో మొదటి కొన్ని పాటలకు బేస్ గిటార్ టేపులోకి ఎక్కలేదు. అలా లీడ్స్ రికార్డింగే మిగిలింది. అది పెద్ద థియేటరేమీ కాదు, విద్యార్థులు భోజనం చేసే హాలు.

ఈ ఆల్బమ్‌ను ఇయర్‌ఫోన్స్‌తో వినండి. ఒక చెవిలో టౌన్‌షెండ్ గిటార్, ఇంకో చెవిలో జాన్ ఎంట్విసిల్ బేస్, నడిమధ్య కీత్ మూన్ డ్రమ్స్. కీబోర్డు లేదు, రెండో గిటార్ లేదు. 'యంగ్ మ్యాన్ బ్లూస్' పెట్టి, గిటార్ ఉన్న వైపు ఇయర్‌ఫోన్ ఒకసారి తీసేయండి. ఎంట్విసిల్ బేస్ వెనక నిలబడి ఊతమిచ్చే రకం కాదని అప్పుడు తెలుస్తుంది. సగం చోట్ల పాటను ముందుకు లాక్కెళ్లేది అదే. అసలు ఈ పాట మోజ్ ఆలిసన్ అనే జాజ్ పియానిస్టుది, రెండు నిమిషాలు కూడా ఉండదు. ఇక్కడ రోజర్ డాల్ట్రీ ఒక్క వరుస ఒంటరిగా పాడతాడు. వాద్యాలన్నీ ఆగిపోతాయి. ఆ ఖాళీ మీదకు ముగ్గురూ ఒక్కసారిగా విరుచుకుపడతారు. వాళ్లలో ఎవరైనా వెంట్రుకవాసి ముందో వెనకో పడితే మొత్తం కూలిపోవాలి. ఒక్కసారి కూడా కూలదు. మూన్ తాళం పట్టుకుని కూర్చునే డ్రమ్మర్ కాదు కాబట్టి ఇది ఇంకా ఆశ్చర్యం. మిగతా ఇద్దరూ అతన్ని కనిపెట్టుకుని ఉంటారు.

టేపులో అక్కడక్కడా చిటపట శబ్దాలు పడ్డాయి. వాటిని సరిచేయొద్దని రికార్డు లేబుల్ మీదే చేత్తో రాసి అచ్చు వేశారు. కవరు కూడా దొంగ రికార్డులా మామూలు గోధుమరంగు అట్ట, దాని మీద రబ్బరు స్టాంపు వేసినట్టు పేరు. మా దగ్గర దాచిపెట్టేదేమీ లేదు అన్న ఆ తెగువ నాకు ఇష్టం. ఇబ్బంది ఒక్కటే: విశ్రాంతి చాలా తక్కువ. మూడు నిమిషాల 'మై జనరేషన్' ఇక్కడ పావుగంట సాగుతుంది, అందులో తగ్గుస్థాయికి దిగే చోట్లు ఉన్నాయి, కానీ మొత్తం మీద ఈ రికార్డు మనల్ని కూర్చోనివ్వదు. ఒంట్లో సత్తువ ఉన్న రోజున దీన్ని మించింది లేదు. అలసిపోయి ఇంటికొచ్చిన రోజున నేను దీని జోలికి పోను.

'మేడ్ ఇన్ జపాన్' పుట్టిందే వేరేలా. డీప్ పర్పుల్ వాళ్లకు లైవ్ ఆల్బమ్ మీద పెద్ద ఆసక్తి లేదు. జపాన్‌లోని రికార్డు కంపెనీ అడిగింది, అక్కడి మార్కెట్ కోసమే అన్నారు, సరేనన్నారు. తమ ఇంజినీర్ మార్టిన్ బర్చ్‌ను వెంట తీసుకెళ్లారు. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యో బుడోకాన్‌లో మూడు షోలు టేప్ అయ్యాయి. తర్వాత మిక్సింగ్‌కు ఐదుగురిలో వచ్చింది ఇద్దరే, బేస్ వాయించే రోజర్ గ్లోవర్, డ్రమ్మర్ ఇయాన్ పేస్. ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ పనే చివరికి వాళ్ల పేరు చెబితే ముందు తలుచుకునే రికార్డుల్లో ఒకటైంది. ఆల్బమ్‌లో ఎక్కువ భాగం ఒసాకాదే. బుడోకాన్ నుంచి తీసుకున్నవి 'ద మ్యూల్', 'లేజీ' రెండే.

కొత్తవాళ్లకు ఇది సులువు, ఎందుకంటే పోల్చి చూసుకోవడానికి స్టూడియో ఆల్బమ్ పక్కనే ఉంది. ఏడు పాటల్లో నాలుగు అదే ఏడాది మార్చిలో వచ్చిన 'మెషిన్ హెడ్'లోవి. ముందు స్టూడియో 'స్పేస్ ట్రకింగ్' వినండి, నాలుగున్నర నిమిషాలు. తర్వాత జపాన్‌లోది వినండి, దాదాపు ఇరవై నిమిషాలు. పాట అయిపోయాక జాన్ లార్డ్ ఆర్గాన్‌తో ఎక్కడెక్కడికో తీసుకెళ్తాడు, ఆ తర్వాత రిచీ బ్లాక్‌మోర్ గిటార్ అందుకుంటాడు. 'స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్'లో గిటార్ ఒక పలుకు పలికితే ఇయాన్ గిలన్ గొంతు అదే పలుకు పలుకుతుంది. క్రమంగా పలుకులు చిన్నవవుతాయి, స్థాయి పెరుగుతుంది, ఆఖరికి గొంతేదో తీగేదో తేడా తెలియకుండా పోతుంది. వాళ్లు ఒకరినొకరు వినడం ఎలా ఉంటుందో ఎవరికైనా చూపించాలంటే నేను వినిపించేది ఈ ఘట్టమే.

'చైల్డ్ ఇన్ టైమ్' గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. దాని మొదట్లో వచ్చే ఆర్గాన్ స్వరానికి మూలం 'బాంబే కాలింగ్' అనే పాట, శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే అనే బృందానిది. పేరులో తప్ప అందులో బొంబాయి ఎంతుందో మీరే విని చెప్పండి. ఒసాకాలో గిలన్ దీన్ని గొణుగుతున్నట్టు మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా ఎక్కించి, కీచుగొంతు దాకా తీసుకెళ్తాడు. అంతసేపూ హాలు ఊపిరి బిగబట్టి వింటుంది. పాట నడుస్తుండగా జపాన్ శ్రోతలు అడ్డురారు, అయ్యాక చప్పట్లు కొడతారు. ఆ మర్యాద వల్లే తగ్గుస్థాయిలో వాయించిన ప్రతి స్వరమూ టేపులో నిలిచింది.

'ద మ్యూల్'లో పేస్ డ్రమ్ సోలో మాత్రం నాకు రెండుసార్లకే చాలనిపించింది. హాల్లో కూర్చుని చూస్తే వేరేగా ఉండేదేమో, ఇంట్లో వినడానికి పొడుగే. ఇంకో సంగతి, జపాన్‌లో ఐదుగురూ హేమాహేమీలు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు చెలరేగుతారు, మిగతావాళ్లు దారి ఇస్తారు. ఆ హద్దులు వినేకొద్దీ మనకు తెలిసిపోతాయి.

ఫిల్‌మోర్‌లో ఆ హద్దులు చెరిగిపోతాయి. న్యూయార్క్‌లో బిల్ గ్రాహం నడిపిన థియేటర్ అది, 1968లో తెరిచి 1971 జూన్‌లో మూసేశాడు. మూతపడడానికి మూడు నెలల ముందు, మార్చిలో, ఆల్‌మన్ బ్రదర్స్ అక్కడ వాయించారు. మొదట శాక్సఫోన్ లాంటి ఊదే వాద్యాలను కూడా వెంట తెచ్చుకున్నారు. నిర్మాత టామ్ డౌడ్ విని, అవి పనికిరావు, తీసేయమని బృందం గిటారిస్టు డ్యువేన్ ఆల్‌మన్‌తో చెప్పాడు. డ్యువేన్ విన్నాడు. షో అయ్యాక రాత్రిపూట అందరూ స్టూడియోకు వెళ్లి ఆ రోజు టేపు వినేవాళ్లు. ఏది బాగొచ్చింది, ఏది రేపు మళ్లీ వాయించాలి అని తేల్చుకునేవాళ్లు. ఆ శ్రద్ధంతా రికార్డులో వినిపిస్తుంది.

ఇద్దరు గిటారిస్టులు (డ్యువేన్, డికీ బెట్స్), ఇద్దరు డ్రమ్మర్లు, బేస్ వాయించే బెరీ ఓక్లీ, ఆర్గాన్ వాయిస్తూ పాడే గ్రెగ్ ఆల్‌మన్. ఇంతమంది ఉంటే రొద అవ్వాలి, అవ్వదు. జలుబు మాత్రల గాజు సీసా వేలికి తొడుక్కుని డ్యువేన్ తీగల మీద జారుస్తుంటే 'స్టేట్స్‌బరో బ్లూస్' మొదటి నిమిషంలోనే గిటార్ పాడుతున్నట్టుంటుంది. 'ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్' డికీ బెట్స్ కట్టిన వాద్యగీతం, మాటలే లేవు. జార్జియాలోని మేకన్ శ్మశానంలో ఒక సమాధి మీద చూసిన పేరు పెట్టాడు. పదమూడు నిమిషాలు. రెండు గిటార్లు జంటగా ఒకే స్వరాన్ని వేరు వేరు స్థాయిల్లో నడిపిస్తాయి, విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి.

'విప్పింగ్ పోస్ట్' ఇరవై మూడు నిమిషాలు. 1969 నాటి స్టూడియో రూపం ఐదు నిమిషాల పైచిలుకు. ఓక్లీ బేస్ ఒంటరిగా మొదలవుతుంది. వేలితో లెక్క వేయండి: మూడు, మూడు, మూడు, రెండు. పదకొండు. పాట అందుకోగానే లెక్క మారి మామూలు ఆరులోకి వస్తుంది. తనియావర్తనం విన్న అలవాటున్న చెవికి ఆ మలుపు దగ్గర చేయి దానంతట అదే లేస్తుంది. సగం దాటాక ఒకచోట తాళం దాదాపు కరిగిపోతుంది. గిటార్ మెల్లగా ఏదో వెతుక్కుంటూ ఉంటుంది, డ్రమ్స్ కేవలం తాకి వదిలేస్తుంటాయి. ఇక పాట తిరిగి రాదు అనిపిస్తుంది. ఎవరో ఒక్కరు చిన్న సూచన ఇస్తారు, ఆరుగురూ కలిసి వెనక్కి వస్తారు. ఆ సూచన ఇచ్చిందెవరో ఎన్నిసార్లు విన్నా నేను వేలు పెట్టి చూపించలేను. ఈ రికార్డును నేను అన్నిటికన్నా పైన పెట్టడానికి కారణం అదే.

ఆల్బమ్ జులైలో వచ్చింది. అక్టోబర్ 29న డ్యువేన్ మేకన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో చనిపోయాడు. ఇరవై నాలుగేళ్లు. ఏడాది తిరిగాక ఓక్లీ కూడా పోయాడు. ఆ విషాదం వల్లే ఈ ఆల్బమ్‌కు పేరొచ్చిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆ సంగతులేవీ తెలియనివాళ్లకు వినిపించి చూడండి, వాళ్లూ కదలకుండా కూర్చుంటారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. లైవ్ అని చెప్పి తర్వాత స్టూడియోలో దిద్దిన ఆల్బమ్‌ల మాటేమిటి? కిస్ వాళ్ల 'అలైవ్!' (1975)లో దిద్దుబాట్లు బాగానే జరిగాయి. థిన్ లిజీ వాళ్ల 'లైవ్ అండ్ డేంజరస్' (1978)లో ముప్పాతిక భాగం మళ్లీ వాయించిందేనని నిర్మాత టోనీ విస్కాంటీ అన్నాడు, బృందం వైపు వాళ్లు కాదన్నారు. ఎవరి మాట నిజమైనా ఆ రికార్డు వినసొంపుగానే ఉంటుంది. ఫిల్‌మోర్‌లో కూడా డౌడ్ కత్తెర వాడాడు, 'స్టార్మీ మండే'లో హార్మోనికా భాగాన్ని తీసేశాడు. నిడివి తగ్గించడం వేరు, స్టేజీ మీద జరగని దాన్ని జరిగినట్టు చూపించడం వేరు. రెండోది జరిగినచోట, పైన చెప్పిన ఆ వినడం ఉండదు. చెవికి కారణం తెలియకపోయినా లోటు తెలుస్తుంది.

ఏ ఎడిషన్ కొనాలి, ఏది స్ట్రీమింగ్‌లో పెట్టుకోవాలి అన్నది కూడా చిన్న విషయమేమీ కాదు. మూడింటికీ పెద్ద పెద్ద సెట్లు వచ్చాయి. లీడ్స్ మొదటి ఎల్పీలో (వినైల్ రికార్డులో) ఆరే పాటలు, నలభై నిమిషాలు కూడా లేదు. 1995 సీడీలో దాదాపు రెట్టింపు ఉంది, 2001లో వచ్చిన దానిలో ఆ రాత్రి వాయించిన 'టామీ' (పాటలతో కథ చెప్పే వాళ్ల రాక్ ఒపెరా) కూడా చేరింది. జపాన్ మూడు రాత్రులూ 1993లో మూడు సీడీలుగా వచ్చాయి. ఫిల్‌మోర్‌వి 2014లో ఆరు సీడీలుగా. లీడ్స్ విషయంలో పెద్దదే తీసుకోండి, ఎందుకంటే ఆరు పాటల్లో ఆ బృందం సగమే కనిపిస్తుంది. మిగతా రెండింటికీ మొదటి ఎల్పీ రూపమే చాలు. ఒకే పాట వరసగా మూడు రాత్రులు వినడం ఇప్పటికే ప్రేమలో పడినవాళ్లకు పండగ, కొత్తవాళ్లకు విసుగు.

ఇక తీర్పు. రాక్ అలవాటు లేనివాళ్లు, స్టూడియో పాటలు తెలిసి లైవ్ అంటే ఏమిటో చూద్దామనుకునేవాళ్లు 'మేడ్ ఇన్ జపాన్'తో మొదలుపెట్టండి. పంక్, మెటల్ వైపు నుంచి వచ్చేవాళ్లకు లీడ్స్. కర్ణాటక సంగీతమో హిందుస్తానీయో జాజో విని పెరిగినవాళ్లు తిన్నగా ఫిల్‌మోర్‌కు వెళ్లిపోండి, మధ్యలో ఆగక్కర్లేదు. ఇంట్లో ఒక్కటే ఉంచుకోవాలంటే మాత్రం నా ఓటు ఫిల్‌మోర్‌కే. వింటే ఒక సంగతి గమనించండి. 'విప్పింగ్ పోస్ట్' ముగిశాక చప్పట్ల మధ్య డ్రమ్మర్ తర్వాతి పాట మొదలుపెట్టేస్తాడు, ఎల్పీలో చోటు లేక అది అక్కడే సన్నగిల్లిపోతుంది. ఆ పాట పేరు 'మౌంటెన్ జామ్', ముప్పై మూడు నిమిషాలు, 1972లో వచ్చిన 'ఈట్ ఎ పీచ్' ఆల్బమ్‌లో దొరుకుతుంది. దాన్ని వెంటనే పెట్టుకోండి.