ఎస్‌హెచ్‌ఎం లెక్కలకి ఫోర్స్ పద్ధతా, ఎనర్జీ పద్ధతా?

సింపుల్ హార్మోనిక్ మోషన్ (ఎస్‌హెచ్‌ఎం, అంటే స్ప్రింగ్‌కి కట్టిన బ్లాక్‌లా మధ్య స్థానానికి అటూ ఇటూ ఊగే కదలిక) లెక్కని కాలిక్యులస్‌తో చేయాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, ఫోర్స్ రాసి న్యూటన్ సూత్రంలో పెట్టి "ఎక్స్ రెండో డెరివేటివ్ = మైనస్ ఒమేగా స్క్వేర్ ఎక్స్" రూపానికి తేవడం (ఎక్స్ అంటే మధ్య నుంచి ఎంత జరిగిందో, ఒమేగా అంటే యాంగ్యులర్ ఫ్రీక్వెన్సీ), రెండోది మొత్తం ఎనర్జీ రాసి టైమ్‌తో ఒక్కసారి డిఫరెన్షియేట్ చేసి సున్నా అనేయడం.

మామూలు స్ప్రింగ్, బ్లాక్ అయితే ఏదైనా ఒకటే. అసలు తేడా ఇరుసుకి స్ప్రింగ్ కట్టిన సాలిడ్ సిలిండర్ జారకుండా దొర్లేటప్పుడు తెలుస్తుంది, ఫోర్స్‌తో వెళ్తే ఫ్రిక్షన్ ఎటువైపో చూడాలి, టార్క్ ఈక్వేషన్ వేరే రాయాలి, రెండూ కలిపి ఆ ఫ్రిక్షన్‌ని తీసేయాలి, ఈలోపు ఎక్కడో ఒక మైనస్ ఎగిరిపోతుంది. అదే ఎనర్జీలో దొర్లడం కూడా కలిపితే కైనెటిక్ ఎనర్జీ 3/4 ఎమ్ వి స్క్వేర్, స్ప్రింగ్‌ది 1/2 కె ఎక్స్ స్క్వేర్ (కె అంటే స్ప్రింగ్ కాన్‌స్టంట్), డిఫరెన్షియేట్ చేస్తే వి కామన్‌గా పోయి ఒమేగా స్క్వేర్ = 2కె/3ఎమ్ వచ్చేస్తుంది. జారట్లేదు కాబట్టి ఫ్రిక్షన్ చేసే పని సున్నా, దాని ఊసే అక్కర్లేదు.

టైమ్ అడిగినా ఎనర్జీయే హాయి: అందులోంచి వి తీసి ఇంటిగ్రేట్ చేస్తే సైన్ ఇన్వర్స్ వస్తుంది, మధ్య నుంచి సగం ఆంప్లిట్యూడ్‌కి (ఆంప్లిట్యూడ్ అంటే మధ్య నుంచి చివరిదాకా దూరం) టి/12 (టి అంటే ఒక పూర్తి ఊపుకి పట్టే టైమ్), అక్కణ్నుంచి చివరిదాకా టి/6. (సగం దూరమే కదా అని రెండిటికీ టి/8 వేసేయకండి, చివర్లో స్పీడ్ తగ్గిపోతుంది.)

డాంపింగ్ (గాలి లాంటిది అడ్డుకోవడంతో ఊపు తగ్గిపోవడం) ఉంటే మాత్రం ఎనర్జీ స్థిరంగా ఉండదు, అక్కడ నేరుగా ఫోర్స్ ఈక్వేషనే రాసుకోండి.