చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లో వైర్‌లెస్ తాళాలు: మూడేళ్లు వాడాక

బెంగళూరు ఉత్తరాన ఒక చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లో హ్యాంగర్ల భద్రత చూస్తాను. దేవనహళ్లి పెద్ద విమానాశ్రయంలోలాగా అడుగడుగునా సీఐఎస్ఎఫ్ జవాన్లుండే చోటు కాదు మాది. శిక్షణ విమానాలు, కొన్ని చార్టర్ విమానాలు, ఒక స్పేర్ల గది, రాత్రికి ఇద్దరు గార్డులు, అంతే. తాళంచెవుల గుత్తి పక్కనపెట్టి, కార్డు పెడితే తెరుచుకునే బ్యాటరీ తాళాలకి, అంటే ఎవరి కార్డు ఏ తలుపు తీయాలో బ్రౌజర్‌లోనే నడిపే వైర్‌లెస్ యాక్సెస్ కంట్రోల్‌కి మారి మూడేళ్లు దాటింది.

వైరుతో నడిచే తాళాలకి కేబుల్ వేయాలంటే విమానాలు నిలిపే ఏప్రన్ తవ్వాలి. అనుమతులు, విమానాలు పక్కకు జరపడం, మళ్లీ కాంక్రీటు పోయడం, ఇవన్నీ కలిపితే తాళాల ధరకన్నా ఎక్కువయ్యేలా ఉంది. బ్యాటరీ తాళానికి తలుపు ఉంటే చాలు.

కార్డు పెడితే తలుపు తీయడం ఏ కంపెనీవాళ్లయినా చేసి చూపిస్తారు. మాలాంటి చోట చూడాల్సింది కార్డు రద్దు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. గంటలు పూర్తికాగానే పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతారు, కార్డు బ్యాగులోనే ఉండిపోతుంది. అలా వెళ్తూ ఒకబ్బాయి తిరిగిచ్చిన కార్డును రద్దు చేసి స్పేర్ల గది దగ్గర పెట్టి చూశాను. ఫోన్‌లో దాని పేరు ఎర్రగా కనిపిస్తోంది, తాళం మాత్రం పచ్చలైటు వేసి టక్కున తెరుచుకుంది. "సార్, ఇంకా తీస్తా ఉందే!" అన్నాడు పక్కనున్న మదనపల్లె గార్డు.

ఆ తాళం నేరుగా వైఫైతో మాట్లాడే రకం. బ్యాటరీ ఆదా కోసం దాని రేడియో నిద్రపోతుంది, రోజుకు ఒకట్రెండుసార్లు లేచి సర్వర్ నుంచి ఏ కార్డులు చెల్లుతాయో కొత్త జాబితా తెచ్చుకుంటుంది. ఈలోపు పాత జాబితాయే దానికి ప్రమాణం. దగ్గర్లో హబ్ (తాళాలకీ సర్వర్‌కీ మధ్య కబుర్లు చేరవేసే పెట్టె) పెట్టి, దానితో ఎప్పుడూ టచ్‌లో ఉండే రకం వేయించాక, రద్దు నొక్కిన కొద్ది సెకన్లకే తలుపు ఒప్పుకోవడం మానేసింది. ఈ తేడా బ్రోషర్‌లో ఎక్కడా లేదు, అమ్మినాయన నోటా రాలేదు. భద్రత పేరుతో అమ్మే సరుకు గురించి ఇంత ముఖ్యమైన మాట దాచడం నాకిప్పటికీ మింగుడుపడదు.

హబ్‌ని హ్యాంగర్ బయట పెట్టనివ్వకండి. రేకుల తలుపు మూస్తే సిగ్నల్ పోతుంది. మాది లోపల దూలానికి బిగించాం. పిడుగుల వానకి కరెంటు పోయి హబ్ ఆగినా తాళాలు పనిచేశాయి, ఎవరెప్పుడు తీశారో తమలోనే దాచుకుని హబ్ లేచాక పంపాయి. ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన సంగతి.

కార్డుల విషయంలో పొదుపు వద్దు. మైఫేర్ క్లాసిక్ అనే పాత రకం కార్డుల రహస్య లిపిని 2008లోనే ఛేదించారు, నకలు తీయడం తేలిక. అంతకన్నా గట్టి భద్రత ఉన్న డెస్‌ఫైర్ కార్డులే తీసుకున్నాం. విమానయాన భద్రత చూసే కేంద్ర సంస్థ బీసీఏఎస్ ఇచ్చే ఎంట్రీ పర్మిట్ అవసరమైన చోట అది వేరే ఉండాల్సిందే, ఈ కార్డు దానికి బదులు కాదు.

తలుపుకింత అని ఏటా కట్టే చందా భారమే. అయినా ఇంటి నుంచే ఫోన్‌లో కార్డు ఆపగలగడం చూశాక గుత్తికి తిరిగి వెళ్లను. వాహనాల గేటు ఒక్కటి కేబుల్ మీదే ఉంచాం, మోటారుకి ఎలాగూ కరెంటు లైను ఉంది. మీరు కొనేటప్పుడు డెమోలో తలుపు దగ్గర నిలబడి, వాళ్లచేతే కార్డు రద్దు చేయించి, వెంటనే పెట్టి చూడండి.