బాలి కళోత్సవానికి వెళ్తే బస డెన్‌పసార్ దగ్గరే

బాలికి వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది కుటా, ఉబుద్, ఉలువాటు చుట్టి వచ్చేస్తారు. డెన్‌పసార్ పేరు విమానం టికెట్ మీద చూడటమే తప్ప ఊళ్లోకి అడుగుపెట్టరు. జూన్ మధ్య నుంచి జూలై మధ్య దాకా వెళ్లేవాళ్లు మాత్రం ఈ వరస మార్చుకోవాలి. ఆ నెల రోజులూ అక్కడ పెస్తా కెసెనియన్ బాలి, అంటే బాలి కళోత్సవం జరుగుతుంది. అప్పటి గవర్నర్ ఇడా బాగుస్ మంత్ర చొరవతో 1979లో మొదలైంది. ద్వీపంలోని 8 జిల్లాలూ, డెన్‌పసార్ నగరమూ తమ ఊళ్ల బృందాలను పంపుతాయి. ప్రదర్శనలకు టికెట్ ఉండదు. చూసేవాళ్లలో అత్యధికులు బాలివాళ్లే కాబట్టి, పర్యాటకుల ఓపికకు తగ్గట్టు ఏదీ కుదించరు.

ఒక్క రాత్రే వీలవుతుందనుకుంటే గోంగ్ కెబ్యార్ అనే కంచు వాద్యబృందాల పోటీ ఉన్న రాత్రి ఎంచుకోండి. రెండు జిల్లాల బృందాలు ఒకే వేదిక మీద చెరోవైపు తమ వాద్యాలతో కూర్చుంటాయి. ఒకరు వాయించి ఆపగానే రెండోవాళ్లు అందుకుంటారు. దీన్ని మెబారుంగ్ అంటారు. కెబ్యార్ 20వ శతాబ్దం తొలినాళ్లలో ఉత్తర బాలిలోని బులెలెంగ్ ప్రాంతంలో పుట్టిన బాణీ. కుడిచేత్తో కంచు పలకను సుత్తితో కొట్టి, ఎడమచేత్తో అదే పలకను పట్టి నాదం ఆపాలి. ఆపడం ఆలస్యమైతే స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయి. వాద్యాలు జంటలుగా ఉంటాయి. జంటలో ఒకదాని శ్రుతి రెండోదానికన్నా కావాలనే కాస్త పెంచుతారు. రెండూ కలిసి మోగితే నాదం అలలుగా కదులుతుంది. మన చెవికి మొదట అపశ్రుతిలా అనిపించేది ఇదే. పావుగంట ఆగితే అలవాటవుతుంది. వేగం హెచ్చినప్పుడు ఒకే వరసను ఇద్దరు పంచుకుని, ఒకరు వదిలిన ఖాళీని ఇంకొకరు పూరిస్తారు. ఏ ఒక్కరు తడబడినా అంతా తెలిసిపోతుంది. అందుకే జనం అంత ఉత్కంఠగా వింటారు. పిల్లల బృందాలకూ, స్త్రీల బృందాలకూ వేరే రాత్రులుంటాయి. పిల్లల రాత్రిని చిన్నచూపు చూడొద్దు. ఆ వయసులో ఆ లయ మీద ఆ పట్టు చూడటానికే ప్రయాణం చేయొచ్చు.

ఉత్సవం జరిగే చోటు డెన్‌పసార్‌లో నూసా ఇండా వీధిలోని తమన్ బుదయ ప్రాంగణం. ఆర్ట్ సెంటర్ అంటే డ్రైవర్లందరికీ తెలుసు. పెద్ద రాత్రి ప్రదర్శనలు అర్ధచంద్ర అనే ఆరుబయటి రంగస్థలంలో ఉంటాయి. కూర్చునేవి గట్టి మెట్లు, వెనక ఆనుకోడానికి ఏమీ ఉండదు. చిన్న చాపో, మడతపెట్టిన దుప్పటో తీసుకెళ్లండి. రాత్రి ఏడున్నరకు పోటీ అంటే ఆరింటికల్లా చేరాలి, ఎందుకంటే జిల్లాల నుంచి అభిమానులు బస్సుల్లో దిగుతారు. ముందు వరసలు అధికారులకు వెళ్లిపోతాయి. మధ్య మెట్ల మీద సగం ఎత్తులో కూర్చోవడం మేలు. ఒక పక్కకు కూర్చుంటే ఆ వైపు బృందమే పెద్దగా వినిపిస్తుంది.

సెంద్రతారి అనే నృత్యనాటకాలు మనకు ఇంకా దగ్గరవి. రామాయణ, భారత కథలే ఎక్కువ. నర్తకులు మాట్లాడరు. దలాంగ్ అనే కథకుడు పక్కన కూర్చుని కావి (పాత జావా సాహిత్య భాష), బాలి భాషల్లో అన్ని పాత్రల గొంతులూ తానే పలుకుతాడు. భాష రాకపోయినా కథ తెలిసినవాళ్లకు ఇబ్బంది లేదు. హాస్యగాళ్లు వచ్చినప్పుడే వెనకబడతాం.

పగటిపూట చిన్న వేదికల మీద అర్జా (గేయనాటకం), తోపెంగ్ (ముసుగు నాటకం), గంబుహ్ (నృత్యనాటకం) వంటివి ఆడతారు. మూడు, నాలుగు అడుగుల దూరంలో కూర్చుని చూడొచ్చు. గంబుహ్ నిదానంగా సాగే పాత రూపం, పొడవాటి వేణువులు దాని ప్రాణం. పిల్లలు విసుగుపడతారు, పెద్దవాళ్లు ఓపిక పడితే ఫలితం ఉంటుంది. 2015లో యునెస్కో గుర్తించిన బాలి నృత్యాల్లో ఇదీ ఒకటి.

ప్రారంభ ఊరేగింపు డెన్‌పసార్‌లోని రెనోన్ పేటలో, బజ్రా సంధి స్మారకం దగ్గర. ఇటీవలి ఏళ్లలో వారాంతంలో పెడుతున్నారు. చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారు కనుక కారు దూరంగా ఆపి నడవాలి. ఎండలో గంటల తరబడి నిలబడాలి. వేషాలు బాగుంటాయి గానీ, సంగీతం వినాలంటే అది చోటు కాదు. ఊరేగింపు తప్పినా విచారించనక్కర్లేదు.

బస విషయానికొస్తే, సనూర్‌కే మా ఓటు. ఆర్ట్ సెంటర్‌కు దగ్గర, సముద్రం ఉంది, అన్ని ధరల గదులూ దొరుకుతాయి. రెనోన్ ఇంకా దగ్గర, పైగా తక్కువ ఖర్చు. అయితే అది ఆఫీసుల పేట, విహారం లాగా ఉండదు. ఉబుద్ నుంచి రోజూ రావడం దండగ. 20 కిలోమీటర్ల పైచిలుకు దారి, సాయంత్రం గంటకు తక్కువ పట్టదు, రాత్రి తిరుగు బండి దొరకడం కష్టం. చంగ్గు, సెమిన్యాక్ దూరంలో తక్కువే అనిపించినా ట్రాఫిక్ ఆ లెక్క తప్పిస్తుంది.

డెన్‌పసార్, సనూర్‌లలో గోజెక్, గ్రాబ్ అనే బండి బుకింగ్ యాప్‌లు బాగా పనిచేస్తాయి. ప్రదర్శన ముగియగానే గేటు ముందు బుక్ చేస్తే బండి జనంలో ఇరుక్కుంటుంది. పది నిమిషాలు నడిచి పెద్ద రోడ్డు మీదికి వచ్చాక బుక్ చేయండి. మీటరు టాక్సీ కావాలంటే బ్లూబర్డ్ నమ్మకమైనది. స్కూటర్ అద్దెకు తీసుకునేవాళ్లకు ద్విచక్ర వాహనానికి చెల్లే అంతర్జాతీయ పర్మిట్ ఉండాలి. లేకపోతే ప్రమాదంలో బీమా చెల్లదు.

కార్యక్రమ పట్టిక ఇండోనేషియా భాషలో, చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది. వీటా (WITA, మధ్య ఇండోనేషియా కాలమానం) అని రాసిన సమయం మనకన్నా రెండున్నర గంటలు ముందు. టికెట్లు కొనేముందు గలుంగన్ పండుగ కూడా చూసుకోండి. అది 210 రోజుల పంచాంగం ప్రకారం వస్తుంది. 2026లో జూన్ 17న గలుంగన్, 27న ఆ పండుగ ముగింపు రోజైన కునింగన్. వీధులంతా పెంజోర్లనే వెదురు అలంకారాలతో కళకళలాడతాయి గానీ, డ్రైవర్లు, చిన్న హోటళ్లవాళ్లు సొంతూళ్లకు వెళ్లిపోతారు.

శాకాహారులకు అసలు చిక్కు మాంసం కాదు, తెరాసి. రొయ్యల ముద్ద అది, సంబల్ అనే మిరప పచ్చళ్లలో, ఆకుకూరల్లో కనిపించకుండా కలుస్తుంది. ‘తన్పా దాగింగ్, తన్పా ఇకాన్, తన్పా తెరాసి’ (మాంసం, చేప, తెరాసి లేకుండా) అని మూడూ చెప్పాలి. మొదటిది మాత్రమే చెబితే చేపా, తెరాసీ వచ్చేస్తాయి. తెంపే (పులియబెట్టిన సోయా), తహు (టోఫు) వేపుళ్లు క్షేమం. ప్లాస్టిక్ సంచులు, స్ట్రాలపై బాలిలో నిషేధం ఉంది కాబట్టి నీళ్ల సీసా, గుడ్డసంచి వెంట ఉంచుకోండి.

ప్రాంగణంలో చేనేత అంగళ్లు ఉంటాయి. ఎందెక్ అనే బాలి నేతబట్ట కొనేటప్పుడు తిరగేసి చూడండి. నేసినదైతే రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, అచ్చు వేసినదైతే వెనక వెలిసినట్టుంటుంది.

ఉబుద్ రాజప్రాసాదం ప్రదర్శన టికెట్ లక్ష రూపయా (ఇండోనేషియా కరెన్సీ) పైనే, గంటన్నర నిడివి. తొలిసారి చూసేవాళ్లకు అది పరిచయంగా సరిపోతుంది. ఉలువాటులో ఆడే కెచాక్ నృత్యంలో సూర్యాస్తమయమే సగం ఆకర్షణ. కోతులు కళ్లద్దాలు లాక్కుపోతాయి, జేబులో పెట్టుకోవాలి. ఈ రెండూ ఏడాది పొడవునా ఉంటాయి కాబట్టి ఉత్సవ రాత్రుల్ని వాటికి ఇవ్వొద్దు. వీసా ఆన్ అరైవల్‌కు 5,00,000 రూపయా, పర్యాటక రుసుము 1,50,000 రూపయా. రెండూ ఆన్‌లైన్‌లో ముందే కట్టేస్తే దిగిన సాయంత్రమే అర్ధచంద్ర మెట్ల మీద చోటు దొరకొచ్చు.