హార్మోనియం ఎక్కడ కొంటే మేలు: హనుమకొండలోనా, హైదరాబాద్‌లోనా, ఆన్‌లైన్‌లోనా?

మా పాప సంగీతం క్లాసులో చేరి ఆరు నెలలైంది. ఇంట్లో శృతి చూసుకోవడానికి ఒక హార్మోనియం ఉంటే మంచిదన్నారు మాస్టారు. ఆయనకు దాని మీద పెద్ద గౌరవమేమీ లేదు. గమకం, అంటే స్వరాన్ని ఊపి జార్చడం, పలకని పెట్టె అంటారు. ఆలిండియా రేడియో కూడా 1940 నుంచి 1971 దాకా దాన్ని గుమ్మం దగ్గరే ఆపేసిందిగా! అయినా పిల్లలకు స్వరస్థానం చెవికెక్కాలంటే పనికొస్తుందట.

కీబోర్డైతే ఇంత తిరగక్కర్లేదు. ఒకే మోడల్ ఎక్కడ కొన్నా ఒకేలా మోగుతుంది, ఎవరు తక్కువకిస్తే వాళ్ల దగ్గర తీసుకోవడమే. హార్మోనియం చేతిపని. చెక్క, తోలు, గాలికి మోగే ఇత్తడి రీడ్లు. ఒకే మోడల్ పెట్టెలు రెండు పక్కపక్కన పెట్టి వాయిస్తే రెండు తీర్లుగా పలుకుతాయి. అందుకే ఆన్‌లైన్ ఆలోచన మొదటిరోజే మానేశాను. భజన మండలి వాళ్ల పాత పెట్టె ఒకటి చవగ్గా వచ్చింది కానీ, తిత్తి చిరిగి ఉంది.

కాజీపేటలో రైలెక్కి దాదాపు 130 కిలోమీటర్లు, సికింద్రాబాద్ వెళ్లాను. షాపులో వరసగా పది పెట్టెలు. సేల్స్ కుర్రాడు కూర్చుని ఒక భజన అందుకున్నాడు. అబ్బ, ఎంత బాగా వాయించాడో! చిక్కంతా అక్కడే. అంత తయారైన వేళ్ల కింద పాడు పెట్టె కూడా తియ్యగానే పలుకుతుంది. "తమ్ముడూ, కొంచెం జరుగు, నేను చూసుకుంట" అన్నాను.

నాకు వాయించడం రాదు. మాస్టారు చెప్పిన మూడు పరీక్షలు మాత్రం వచ్చు. ముందువైపు లాగి తీసే, తోసి మూసే నాబ్‌లన్నీ మూసి తిత్తి కొడితే గాలి లోపల నిలవాలి. వెంటనే వాలిపోయిందంటే ఎక్కడో కారుతున్నట్టే. తర్వాత నాబ్‌లు తీసి (మెట్టు నొక్కకపోయినా మోగే డ్రోన్ నాబ్‌లు తప్ప), మెట్టు నొక్కకుండా కొట్టాలి, చిన్న కూత కూడా రాకూడదు. ఆఖరున తక్కువ గాలితో మెట్లన్నీ ఒక్కొక్కటే నొక్కాలి, ఏదీ ఆలస్యంగా పలకకూడదు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఉంటే శృతి కూడా చూడొచ్చు. పదింటిలో నాలుగు నిలిచాయి.

ఇక కుర్రాడు కప్లర్ (ఒక మెట్టు నొక్కితే వేరే స్థాయిలో అదే స్వరం కూడా పలికించేది), స్కేల్ చేంజర్ (మెట్ల వరసను జరిపి శృతి మార్చేది) మొదలుపెట్టాడు. "ఇంకో ఆరు వేలు పెడితే లైఫ్ లాంగ్ సార్." మా పాప ఐదున్నర శృతిలో, అంటే ఐదు, ఆరు తెల్ల మెట్ల నడిమి నల్ల మెట్టును 'స'గా పెట్టుకుని పాడుతుంది. ఆ ఒక్క మెట్టు పట్టుకుని సరిగమలు పలికిస్తే మాకు చాలు. స్కేల్ చేంజర్ అంటే ఇంకా బరువు, లోపల ఇంకా కదిలే భాగాలు. కచేరీలు చేసేవాళ్ల మాట వేరు. నేను వద్దనగానే, "సరే సార్, గోడౌన్ నుంచి సీల్ పీస్ తెప్పిస్తా" అన్నాడు. మిక్సీకి సీల్ మంచిదే. ఇక్కడ నేను పరీక్ష చేసిన పెట్టె ఒకటి, ఇంటికొచ్చేది ఇంకొకటి అవుతుంది. అదే ఇవ్వమంటే అది డిస్‌ప్లే పీసట, ఇవ్వరట. ఉత్త చేతులతో రైలెక్కాను.

హనుమకొండ షాపులో ఉన్నవే మూడు, ఒకదాని మీద దుమ్ము. ఓనర్‌కు వాయించడం అంతంత మాత్రం. ధర హైదరాబాద్ కంటే వెయ్యి ఎక్కువ. ఒకటి గాలి కారింది, దుమ్ముపట్టింది ఆలస్యంగా పలికింది, మూడోది నిలిచింది. "సార్‌ను తోలుకరా అన్నా, ఆయన చూసినంకనే పైసలియ్యి" అన్నాడు. మర్నాడు మాస్టారు వచ్చి పావుగంట వాయించి తలూపారు. బేరమాడితే ఐదొందలు తగ్గి, కవరు ఊరికే వచ్చింది.

ఆ మూడూ పరీక్షలో పోయి ఉంటే మళ్లీ సికింద్రాబాదే పోయేవాణ్ణి, కానీ ఈసారి డిస్‌ప్లే పీస్ ఇస్తారా అని ముందే ఫోన్ చేసి. వానలు పడగానే మా పెట్టెలో ఒక మెట్టు ఉబ్బి పట్టేసింది. బండి మీద పెట్టుకుని షాపుకు పోతే, విప్పి చెక్క కొంచెం గీకి, అరగంటలో ఇచ్చాడు. వంద తీసుకున్నాడు.