నాలుగేళ్లు నాటకాలకి స్పేషియల్ ఆడియో వాడాక

స్పేషియల్ ఆడియో అంటే, చాలా స్పీకర్లు వాడి, శబ్దం ఫలానా చోటు నుంచే వస్తున్నట్టు వినిపించేలా చేయడం. ముందే చెప్పేస్తాను, ఇది కోట్లు పెట్టి కట్టే పెద్ద సిస్టమ్‌ల సమీక్ష కాదు. నా దగ్గరున్నది ఒక పాత ల్యాప్‌టాప్, ఎనిమిది అవుట్‌పుట్లున్న సెకండ్ హ్యాండ్ ఆడియో ఇంటర్‌ఫేస్ (ల్యాప్‌టాప్‌లోని శబ్దాన్ని స్పీకర్లకి పంపే పెట్టె), శబ్దాలు రికార్డు చేసి కలిపే రీపర్ సాఫ్ట్‌వేర్, అందులో తగిలించుకునే ఐఈఎం ప్లగిన్లు. ఆ ప్లగిన్లు ఆస్ట్రియాలో గ్రాజ్ సంగీత విశ్వవిద్యాలయం వాళ్లు చేసినవి, పూర్తిగా ఉచితం. రీపర్‌ని 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, తర్వాత మనలాంటి చిన్నవాళ్లకి లైసెన్సు 60 డాలర్లు. కేబుళ్లు కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాను, స్పీకర్లు ఎప్పటికప్పుడు అద్దె. ఈ సామానుతోనే హైదరాబాద్ రవీంద్రభారతిలో, ఆరుబయలు వేదిక లామకాన్‌లో, కొన్ని కాలేజీ ఆడిటోరియాల్లో షోలు చేశాను.

అందరూ అడిగే మొదటి ప్రశ్న, "అట్మాస్ లాంటిదేనా అన్నా?" అని, అంటే సినిమా హాళ్లలో ఉండే డాల్బీ అట్మాస్. కాదు. 2012లో వచ్చిన అట్మాస్‌లో సినిమా హాల్లో 128 ట్రాకులు, 64 స్పీకర్ల దాకా వాడుకోవచ్చు గానీ, అక్కడ హీరో ఏ క్షణంలో ఎక్కడుంటాడో మిక్సింగ్ నాడే తేలిపోయి ఉంటుంది. మా హీరో నిన్న తులసికోట పక్కన నిలబడి చెప్పిన డైలాగు ఇవాళ నులకమంచం మీద కూర్చుని చెప్తాడు. అడిగితే "మూడ్ వచ్చింది" అంటాడు.

మొదటి ఏడాది నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఊరేగింపు సీను ఉంది, డప్పులు వస్తాయి. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా ఆ డప్పుని ప్రేక్షకుల చుట్టూ రెండుసార్లు తిప్పి, నెత్తి మీదుగా స్టేజీకి తీసుకొచ్చాను. రిహార్సల్లో అందరూ "అబ్బో" అన్నారు. మా డైరెక్టర్ మాస్టారు మాత్రం కళ్లజోడు తుడుచుకుంటూ, "నాయనా, మీ ఊళ్లో డప్పు గాల్లో ఎగురుతుందా?" అన్నారు. అంతే, అదంతా తీసేసి, ఒక స్పీకర్ని బయట వరండాలో పెట్టి, సీను మధ్యలో వెనక తలుపు మెల్లగా తెరిపించాను. జనం నిజంగానే వెనక్కి తిరిగి చూశారు. ఆ తలుపు చేసిన పని నా ప్లగిన్లేవీ ఇంతవరకూ చేయలేదు.

అసలు ఉపయోగం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. పరిషత్తు నాటకాలు చూసినవాళ్లకి తెలుసు, పైనుంచి మైకులు వేలాడుతుంటాయి, నటులు ఎంత కోపంలో ఉన్నా, ఎంత ఏడుపులో ఉన్నా ఆ మైకు కిందకి నడిచొచ్చి ఆగి మాట్లాడతారు. మనిషి మధ్యలో ఉంటాడు, గొంతు మాత్రం పక్కనున్న పెద్ద బాక్సులోంచి వస్తుంది. మనకి అలవాటైపోయి పట్టించుకోం గానీ, నాకు ఈ పద్ధతిలో దొరికిన పెద్ద లాభం ఆ గొంతుని మళ్లీ మనిషి దగ్గరికి చేర్చగలగడమే.

దీని వెనక సూత్రం పాతదే, హెల్ముట్ హాస్ అనే ఆయన 1949లో పరిశోధన చేసి చెప్పింది. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి వస్తే, చెవికి ముందు చేరింది ఎటు నుంచి వచ్చిందో మొత్తం అటు నుంచే వచ్చినట్టు మనకి అనిపిస్తుంది. రెండోది సుమారు 30 మిల్లీసెకన్ల లోపు వస్తే, కాస్త గట్టిగా ఉన్నా సరే, విడిగా వినపడదు. శబ్దం మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, నటుడు స్పీకర్ల కంటే ఆరు మీటర్లు వెనక ఉంటే అతని అసలు గొంతు ఆ స్పీకర్లని దాటడానికే పదిహేడున్నర మిల్లీసెకన్లు పడుతుంది. నేను స్పీకర్లని 25 మిల్లీసెకన్ల దగ్గర ఆలస్యం చేస్తాను, దీన్నే డిలే అంటారు. నటుడి గొంతు మరీ చిన్నదైతే సెట్టులో, అంటే తులసికోట వెనకో బియ్యం బస్తాల మధ్యో ఒక చిన్న స్పీకర్ దాచి, అతని మాట ముందు అందులోంచి సన్నగా పంపిస్తాను. మరీ పెంచితే మైకు కూస్తుంది, జాగ్రత్త. ఇలా చేసిన మొదటి షో అయ్యాక ఒక పెద్దాయన వచ్చి, "ఇవాళ మైకులు పెట్టలేదేం బాబూ, అయినా బాగా వినిపించింది" అన్నారు. నాలుగేళ్లలో నాకొచ్చిన మంచి సర్టిఫికెట్ అదొక్కటే.

నటుడు నడిస్తే ఏం చేయాలన్నదే కష్టం. బట్టల్లో ట్యాగు పెడితే కంప్యూటరే మనిషిని వెతుక్కుంటూ పోయే సిస్టమ్‌లు విదేశాల్లో పెద్ద షోలకి వాడతారు. మా ట్రాకర్ అంటే స్క్రిప్టు పట్టుకుని నా పక్కన కూర్చుని "అక్క ఎడమకి పోతోంది" అని గుసగుసలాడే తమ్ముడు. స్టేజీని ఆరు గళ్లుగా విడగొట్టుకుని, గడికొక సెట్టింగ్ పెట్టుకున్నాం. మొదట్లో గడి మారినప్పుడల్లా డిలేని మెల్లగా జరిపేవాణ్ణి. మాటలకి పర్లేదు, పద్యం దగ్గర కొంప మునిగింది. డిలే కదులుతున్నంతసేపూ శ్రుతి కూడా కదులుతుంది, రైలు కూత దగ్గరికొచ్చి దూరమైనప్పుడు మారినట్టు. రాగం తీస్తున్న ఆయన గొంతు స్పీకర్లలో జారింది, హార్మోనియం వాయించే గురువుగారు తలెత్తి నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఇప్పుడు డిలేని కదపను, ఒక గడి శబ్దం తగ్గిస్తూ పక్క గడిది పెంచుతాను. పద్యం మధ్యలో అయితే అసలేమీ ముట్టుకోను.

ఆంబిసోనిక్స్ గురించి కూడా చెప్పాలి, అంటే శబ్దాన్ని ఫలానా స్పీకరుకని కాకుండా, చుట్టూ ఏ దిక్కు నుంచి రావాలో ఆ దిక్కుతో కలిపి దాచుకునే పద్ధతి. వానకి, కీచురాళ్లకి, సంత గోలకి అద్భుతం. ఆ శబ్దాన్ని మన స్పీకర్లకి పంచే డీకోడర్ కూడా స్పీకర్లు వంకరటింకరగా ఉన్నా సర్దుకుపోతుంది. ఆర్డర్ పెరిగేకొద్దీ దిక్కు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది గానీ, మూడో ఆర్డర్‌కి పదహారు చానెళ్లు కావాలి, మా ఆరు స్పీకర్లకి అది దండగ. కానీ ఫలానా చోటు నుంచే రావాల్సిన శబ్దాన్ని, అంటే ఫోను మోగడం, కుండ పగలడం లాంటివి, అందులో వేయకండి. మధ్యలో కూర్చున్నవాళ్లకి తప్ప ఎవరికీ సరిగ్గా తెలీదు, గోడ పక్క సీటువాడికి వాడి చెవి దగ్గరున్న స్పీకరే ప్రపంచం. ఆ ఫోనుకి ఒక స్పీకర్ కేటాయించి అక్కడే పెట్టడం మేలు.

హెడ్‌ఫోన్లలో ఇంట్లో కూర్చుని చేసుకున్న డిజైన్‌ని కూడా నమ్మకండి. వెనక నుంచి అనుకున్నది ముందు నుంచి వినపడుతుంది. అయినా ఇంట్లో చేయక తప్పదు, ఎందుకంటే హాలు మనకి షో రోజు పొద్దున్న గానీ ఇవ్వరు, ఇచ్చాక లైటింగ్ వాళ్లు నిచ్చెనలు జరుపుతూ ఉంటారు, నిశ్శబ్దం అరగంట దొరికితే గొప్ప. ఒక హాల్లో లైట్ల డిమ్మర్లకీ నా సామానుకీ ఒకే కరెంటు లైను ఇచ్చారు, లైటు తగ్గినప్పుడల్లా ఆరు స్పీకర్లూ కలిసి తేనెటీగల్లా జుయ్యిమన్నాయి. విషాదం సీను అది. లైను వేరు చేయించుకుని, బయటి రొదని లోపలికి రానివ్వని బ్యాలన్స్‌డ్ కేబుళ్లు వేశాక గానీ తగ్గలేదు.

ఎండాకాలం శబ్దం వేగం మారుతుందని టెన్షన్ పడేవాళ్లున్నారు, 24 డిగ్రీల ఏసీకీ 40 డిగ్రీల ఆరుబయటకీ తేడా ఇరవై మీటర్లకి ఒకటిన్నర మిల్లీసెకన్లు, వదిలేయండి. హాలు మోగడమే అసలు శత్రువు. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే గోల్కొండ కొండ పైదాకా వినిపించేలా కట్టిన ఊళ్లో, గ్రానైట్ గోడల ఆడిటోరియాలు కట్టి అందులో నాటకాలు వేయమంటున్నారు. అలాంటి చోట స్పేషియల్ ఆడియో మానేసి, ముందు రెండు స్పీకర్లు సరిగ్గా పెట్టుకోండి. లామకాన్ లాంటి ఆరుబయట మాత్రం హాయి, గోడలు తిప్పికొట్టవు, కాకపోతే రాత్రి పదికల్లా స్పీకర్లు ఆపేయాలి.

కొనాలా అని అడిగితే, ప్లగిన్లు ఎలాగూ ఉచితమే, రీపర్ కూడా 60 రోజులు ఊరికే కదా, ముందు అవి నేర్చుకోండి. డబ్బులుంటే రెండు మంచి హెడ్‌సెట్ మైకులకి పెట్టండి, తర్వాతే ఇంటర్‌ఫేస్. నెత్తి మీద స్పీకర్లు నేను రెండుసార్లు కట్టించాను, రెండుసార్లూ మాస్టారు ఆపేయమన్నారు. వచ్చే నెల షోకి మళ్లీ ఉరుము సీను ఉంది, ఇంకా ఆయనకి చెప్పలేదు.